కొండ కింద పల్లెకు శాటిలైట్ నెట్: సర్కారు డబ్బు అడగండి, మీ డబ్బు ఇవ్వకండి

ఉదయగిరి వైపు నుంచి ఒక పంచాయతీ వార్డు మెంబరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు తీసేసి, కాస్త కుదించి ఇస్తున్నాను.

"అన్నా, నమస్తే. మాది ఉదయగిరి దాటాక సీతారామపురం పోయే దారిలో, వెలిగొండ అడుగున ఉండే శివారు పల్లె. అరవై గడపల దాకా ఉంటాయి. పంచాయతీ ఊరు మాకు ఐదు కిలోమీటర్లు. అక్కడి సచివాలయానికి ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది, మాకు రాలేదు. ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కాలి, నెట్ కావాలంటే తిప్ప దాకా నడవాలి. అంగన్‌వాడీ టీచరు సరుకులు ఇవ్వడానికి తల్లుల ముఖం ఫోటో తీయాలి కదా, బాలింతల్ని కూడా ఆ తిప్ప దగ్గరికే రమ్మంటుంది. ఒకటో తేదీ పింఛను ఇచ్చే పిల్ల ముసలోళ్లని ఎండలో నిలబెట్టి సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిప్పుతా ఉంటుంది. పోయిన వారం బైకు మీద ఒకాయన వచ్చి, సర్కారు సబ్సిడీతో ఇంటింటికీ శాటిలైట్ నెట్ వస్తుంది, ఇంటికి రెండు వేలు కడితే పేరు రాసుకుంటానన్నాడు. కొందరు కట్టేశారు. మిగతావాళ్లు నన్ను అడుగుతున్నారు. మా మామగారేమో రోడ్డుకే దిక్కులేదు, ఆకాశంలోంచి నెట్ ఎందుకంటాడు. డిగ్రీ చదివే మా మరిది, విదేశీ కంపెనీలకు మన డబ్బు పెట్టడం తప్పు, టవర్ అడగాలి అంటాడు. పంచాయతీలో తీర్మానం పెట్టమంటారా? పెడితే ఏమని పెట్టాలి? కట్టినవాళ్లకు ఏం చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది."

చెల్లెమ్మా, అన్నిటికంటే ముందు ఆ రెండు వేల సంగతి. ఇంకొక్క ఇల్లు కూడా కట్టకుండా ఈ రోజే అందరికీ చెప్పండి.

శాటిలైట్ నెట్‌కు సబ్సిడీ అనే మాట ఆయన ఊరికే పుట్టించింది కాదు. దానికి ఒక మూలం ఉంది, ఆ వార్త చూపించే ఇలాంటివాళ్లు జనాన్ని నమ్మిస్తారు. 2025 మేలో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, శాటిలైట్ కంపెనీలకు స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్ పంపే రేడియో తరంగాలు, ఎలా ఇవ్వాలో, ఎంత వసూలు చేయాలో చెబుతూ కేంద్రానికి సిఫార్సులు పంపింది. నెట్ అందని మారుమూల పల్లెల్లో ఇంటి మీద పెట్టే డిష్ సామానుకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే విషయం పరిశీలించవచ్చు అని అందులో ఒక మాట ఉంది. అది సిఫార్సు మాత్రమే. సిఫార్సు పథకం కావాలంటే కేంద్రం ఒప్పుకోవాలి, నిధులు కేటాయించాలి, ఏ పల్లెలకు వర్తిస్తుందో జాబితా రావాలి. పైగా ఆ సిఫార్సులో చెప్పిన దారులు రెండే. ఒకటి, డబ్బు నేరుగా కనెక్షన్ తీసుకున్నవాళ్ల ఖాతాలో వేయడం. రెండోది, కంపెనీ తగ్గించి ఇచ్చినదాన్ని సర్కారు కంపెనీకి తిరిగి కట్టడం. ఏ దారిలో చూసినా డబ్బు సర్కారు వైపు నుంచి రావాలి తప్ప, మీ చేతిలోంచి బైకు మీద వచ్చినాయన జేబులోకి పోయే దారి అందులో లేదు.

ఇంకో సంగతి మీ వాళ్లకు చెప్పండి. శాటిలైట్ నెట్ అమ్మే అమెరికా కంపెనీ స్టార్‌లింకే 2021లో, ఇక్కడ లైసెన్సు రాకముందే, 99 డాలర్లు తీసుకుని పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ నవంబరులో టెలికాం శాఖ జనాన్ని కట్టొద్దని బహిరంగంగా హెచ్చరించింది, కంపెనీ బుకింగులు ఆపి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అసలు కంపెనీకే ముందస్తు బుకింగ్ కుదరలేదంటే, రశీదు కూడా ఇవ్వని మనిషిని నమ్మడానికి ఏమీ మిగలదు.

కట్టేసినవాళ్లను మాత్రం ఎవరూ తిట్టకుండా చూసుకోండి. బాలింతను ఎండలో తిప్ప దాకా నడిపించే ఊళ్లో రెండు వేలకు నెట్ వస్తుందంటే ఎవరైనా కడతారు. ఎవరు, ఎంత, ఏ రోజు, ఫోన్‌పేలోనా చేతికా, ఆయన ఇచ్చిన నంబరేంటి, బండి నంబరు ఎవరైనా చూశారా, ఇదంతా ఒక కాగితం మీద రాసి అందరి చేత సంతకాలు పెట్టించండి. ఫోన్‌లో పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. చేతికిచ్చినవాళ్లందరూ కలిసి స్టేషన్‌లో ఒకే ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కొక్కరుగా పోతే రెండు వేల కేసు అని పక్కన పెట్టేస్తారు, ఇరవై ఇళ్లవాళ్లు వార్డు మెంబరుతో కలిసి పోతే రాసుకుంటారు.

ఇక మీ మామగారి మాట. రోడ్డు ముఖ్యం అనడంలో తప్పేం లేదు, కానీ ఆ డబ్బూ ఈ డబ్బూ ఒకటి కాదు. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కడతాయి. 2002 నుంచి ఉన్న ఈ నిధిని యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేవాళ్లు, 2023 టెలికాం చట్టం వచ్చాక డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. కంపెనీలు లాభం లేదని వదిలేసే చోట్ల ఫోను, నెట్ అందించడానికే ఈ నిధి పెట్టారు. దీన్ని రోడ్డుకు వాడలేరు. మీరు అడగకపోతే ఈ డబ్బు మీ ఊరి రోడ్డుకు రాదు, వేరే ఎక్కడి కేబులుకో, టవరుకో పోతుంది. ఇంకొకటి, ఆ 5 శాతం కంపెనీలు ఇంట్లోంచి తెచ్చి కట్టడం లేదు, జనం రీఛార్జి డబ్బులోంచి కడుతున్నాయి. మీ పల్లెలో తిప్ప మీదికి నడిచి రీఛార్జి చేసుకున్న ప్రతి మనిషీ ఈ నిధిలో తన వంతు వేసినట్టే. కాబట్టి మీరు అడిగేది దానం కాదు. అడిగేటప్పుడు కూడా అలాగే అడగండి.

అదే కారణంతో, పంచాయతీ నిధులతో డిష్ కొందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించాలని నిబంధన పెట్టింది, మిగిలేది కొంచెం, దానికి లైట్లు, కాలువలు ఎన్నో ఎదురు చూస్తుంటాయి. డిష్ కొనడం ఒకసారి ఖర్చు, బిల్లు ప్రతి నెలా వస్తుంది. సర్పంచి మారిన రోజు ఆ బిల్లు ఎవరు కడతారు?

మీ మరిది మాటకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది.

మీ పల్లె ఎందుకు ఇలా మిగిలిపోయిందో ముందు చూద్దాం. ఢిల్లీలో ఎన్ని గ్రామాలకు సిగ్నల్ ఉందని లెక్క వేసేటప్పుడు జనాభా లెక్కల జాబితాలోని గ్రామాలను లెక్కిస్తారు, అవి దేశం మొత్తం మీద 6,44,131. ఆ జాబితాలో ఉండేది రెవెన్యూ గ్రామం, శివారు పల్లె కాదు. పంచాయతీ ఊళ్లో నాలుగు గీతల సిగ్నల్ ఉంటే ఆ గ్రామం మొత్తానికి ఉన్నట్టే రాసుకుంటారు, ఐదు కిలోమీటర్ల అవతల కొండ చాటున ఉన్న మీ అరవై గడపలు ఆ లెక్కలో ఎక్కడా కనపడవు. మన జిల్లాలో ఉదయగిరి, వరికుంటపాడు, రాపూరు వైపు మెట్ట పల్లెలన్నిటికీ ఇదే ఇబ్బంది. మార్కాపురం పైన నల్లమలలోని చెంచు గూడేలకైతే ఇంకా ఎక్కువ. అందుకే మీ తీర్మానంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం శాటిలైట్ గురించి కాదు, "మా శివారు పల్లెకు నెట్ లేదు, పంచాయతీ ఊరికి ఉన్నంత మాత్రాన మాకు ఉన్నట్టు కాదు" అనేది. ఈ వాక్యం కాగితం మీద అధికారికంగా లేకపోతే ఏ పథకం వచ్చినా మీ దాకా రాదు.

ఇప్పుడు ఏం అడగాలి. నేనైతే మొదట కేబులే అడుగుతాను. భారత్‌నెట్ అని 2011లో వేరే పేరుతో మొదలై, పంచాయతీలకు ఫైబర్ వేస్తూ వచ్చిన పథకం ఉంది కదా, మీ సచివాలయంలో బిగించిన ఇంటర్నెట్ పెట్టె కూడా బహుశా దాంట్లో భాగమే. 2023 ఆగస్టులో కేంద్రం దాన్ని మార్చి 1,39,579 కోట్ల రూపాయలతో మళ్లీ ఆమోదించింది. ఈ కొత్త రూపంలో మీకు పనికొచ్చే మార్పులు రెండున్నాయి. ఇదివరకు పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగిపోయిన కేబుల్‌ను, పంచాయతీ కేంద్రం కాని గ్రామాలకు కూడా, అడిగితే, వేయాలని పెట్టారు. ఇలాంటివి దేశంలో సుమారు 3.8 లక్షలు. అడిగితే అనే మాట గుర్తుంచుకోండి, ఎవరూ అడగని ఊరికి అది రాదు. రెండోది, కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు 3 ఏళ్లలో వేసి ఆ తర్వాత 10 ఏళ్లు నడపాలి, మరమ్మతు వాళ్లదే. పాత పద్ధతిలో పెట్టె బిగించి, ఫోటో తీసి, బిల్లు తీసుకుని పోయాక లైను తెగితే నాథుడు లేడు, చాలా సచివాలయాల్లో ఆ దీపం వెలగని పెట్టెలు మీరూ చూసే ఉంటారు.

ఐదు కిలోమీటర్ల కేబుల్ పెద్ద దూరం కాదు. కరెంటు స్తంభాలు ఎలాగూ మీ పల్లె దాకా ఉన్నాయి. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ చాలావరకు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. అలా లాగిన కేబుల్ గాలివానకు తెగుతుందన్నది నిజమే, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు స్తంభాలు ఎన్ని పడ్డాయో మన జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. అయినా మామూలు రోజుల్లో అరవై ఇళ్లు ఒకేసారి వాడుకోగల నెట్ కేబుల్ ఇచ్చినట్టు ఇంకేదీ ఇవ్వదు.

రెండోది మీ మరిది అడిగే టవర్. 2022 జూలైలో 4జీ అందని 24,680 గ్రామాలకు 26,316 కోట్ల ఖర్చుతో టవర్లు వేయాలని కేంద్రం నిర్ణయించి బిఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించింది. అందులో 20 శాతం దాకా గ్రామాలను తర్వాత చేర్చుకునే వీలు కూడా పెట్టారు, కొత్తగా ఏర్పడిన నివాసాలు, ఉన్న కంపెనీ సేవ ఎత్తేసిన ఊళ్లు లాంటి కారణాలతో. కాబట్టి నెల్లూరు బిఎస్‌ఎన్‌ఎల్ ఆఫీసుకు రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు వేయండి: మా గ్రామం ఆ జాబితాలో ఉందా, లేకపోతే మా పల్లెను చేర్చడానికి ఏం కావాలి. నోటితో అడిగితే చూద్దాం అంటారు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వాలి.

అయితే టవర్ వర్సెస్ శాటిలైట్ అని మీ మరిది రెండు పక్షాలుగా చూస్తున్నారు, అక్కడ నా అభిప్రాయం వేరు. టవరు కట్టినంత మాత్రాన నెట్ రాదు, ఆ టవరుకు వెనక నుంచి లైను రావాలి, కేబులో, టవరు నుంచి టవరుకు గాలిలో పోయే మైక్రోవేవో. కొండల్లో, దీవుల్లో అది రాని చోట టవరు పక్కనే ఒక డిష్ పెట్టి శాటిలైట్ నుంచే లైను తీసుకుంటారు. అప్పుడు ఊళ్లో ఎవరూ డిష్ కొనక్కర్లేదు, జేబులో ఉన్న మామూలు ఫోనే పనిచేస్తుంది. ప్రజల డబ్బుతో శాటిలైట్ అంటే నాకు అన్నిటికంటే సబబుగా అనిపించే పద్ధతి ఇది. అరవై మిద్దెల మీద అరవై డిష్‌లకు సబ్సిడీ ఇచ్చేకంటే ఒక టవరు వెనక ఒక డిష్‌కు నెలనెలా డబ్బు కట్టడం మేలు. ఇంటి డిష్ సబ్సిడీ వస్తే ముందు ఎవరు తీసుకుంటారు? సబ్సిడీ పోను మిగతాది పెట్టగలిగినవాళ్లు, నెల బిల్లు కట్టగలిగినవాళ్లు, అంటే పది బత్తాయి తోటల ఇళ్లు. ఎస్టీ కాలనీలో ఉన్నవాళ్లు మళ్లీ తిప్ప దగ్గరే.

శాటిలైట్ నెట్ గురించి మీ పల్లెలో చాలా ఆశలు పెంచి ఉంటారు కాబట్టి అది ఎలా పనిచేస్తుందో కూడా చెబుతాను. రెండు రకాలు. పాత రకం శాటిలైట్లు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఒకేచోట నిలబడినట్టు ఉంటాయి. మన ఇస్రో వాళ్ల జీశాట్-11, 19, 29 ఇలాంటివే. మీరు నొక్కింది అంత దూరం పైకి పోయి కిందికి దిగి, జవాబు మళ్లీ పైకి పోయి కిందికి రావాలి, అర సెకను దాకా దానికే పోతుంది. పింఛను వేలిముద్రకు, అంగన్‌వాడీ ఫోటోకు, ఫారాలకు ఆ అర సెకను లెక్కలోకి రాదు, వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడితే మాత్రం మాట మీద మాట పడుతుంది. కొత్త రకం చాలా కిందుగా తిరుగుతాయి, స్టార్‌లింక్‌వి 550 కిలోమీటర్ల చుట్టుపక్కల, వన్‌వెబ్ అనే ఇంకో కంపెనీవి 1,200 కిలోమీటర్ల ఎత్తులో. వీటితో మాట ఆలస్యం కాదు. కానీ ఇవి ఆకాశంలో కదులుతూనే ఉంటాయి కాబట్టి డిష్‌కు చుట్టూ తెరిచిన ఆకాశం కావాలి, కొండకు ఆనుకుని, చింతచెట్ల కింద పెడితే మధ్యమధ్యలో తెగిపోతుంది. మీ పల్లెలో ఎక్కడ పెడితే ఆకాశం బాగా కనిపిస్తుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

వాన సంగతి కూడా. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే జోరు వానల్లో శాటిలైట్ సిగ్నల్ పలచబడుతుంది, బాగా కుండపోతగా ఉన్న కాసేపు ఆగిపోవచ్చు కూడా. కరెంటు పోతే డిష్ ఆగుతుంది కాబట్టి ఒక సోలార్ పలకో ఇన్వర్టరో తోడు ఉండాలి, అది లేకుండా ఇచ్చే డిష్ సగం ఏడాది అలంకారమే. కరెంటు, కేబుల్, టవర్ అన్నీ పడిపోయిన తుపాను మర్నాడు మాత్రం సోలార్ మీద నడిచే ఒక డిష్ ఊరంతటినీ బయటి ప్రపంచంతో కలుపుతుంది. వాగు పొంగి దారి తెగే పల్లెలకు ఈ ఒక్క కారణం మీదనే నేను డిష్ అడగమంటాను. సముద్రం మీద అయితే ఇంకో దారే లేదు. మన కోస్తా వాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి ఏమంటే, దేశంలో లక్ష చేపల పడవలకు ఇస్రో శాటిలైట్ల ద్వారా రెండు వైపులా సందేశాలు పంపే పరికరాలు ఉచితంగా బిగించడానికి 364 కోట్ల రూపాయల పథకం 2024లో మొదలైంది. దాని గురించి ఇది దండగ ఖర్చు అనేవాళ్లను నేను చూడలేదు.

ఇంకో పరిమితి ఉంది, సబ్సిడీ ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. ఒక శాటిలైట్ కిరణం కింద ఉన్నవాళ్లందరూ ఉన్న నెట్‌ను పంచుకోవాలి. ఒక బోరు నీళ్లు రెండెకరాలకు బాగా పారతాయి, అదే బోరు మీద ఇరవై ఎకరాలు పెడితే ఎవరి కయ్యా తడవదు. అందుకే శాటిలైట్ నిజంగా ఇంకో దారి లేని చోట్లకే, ఊరికి పనికొచ్చే చోట్లకే పెట్టాలి. జిల్లాలో ప్రతి పల్లెకూ అది పెట్టి కేబుల్ వేయడం మానేస్తే ఐదేళ్లకు మళ్లీ మొదటికే వస్తాం. ట్రాయ్ కూడా కొత్త రకం శాటిలైట్ కనెక్షన్ల మీద పట్టణాల్లో అయితే ఏడాదికి ఒక్కోదానికి 500 రూపాయలు అదనంగా వసూలు చేయాలని, పల్లె కనెక్షన్లకు అది వద్దని చెప్పింది. ఆ ఆలోచన మంచిదే.

విదేశీ కంపెనీకి మన డబ్బు అన్న బాధ నాకూ అర్థమవుతుంది. కానీ భారత్‌నెట్‌లో కేబుల్ పోలేని కొన్ని వేల పంచాయతీలకు శాటిలైట్ వాడినప్పుడు ఇస్రో శాటిలైట్లే వాడారు. వన్‌వెబ్‌లో మన ఎయిర్‌టెల్ వాళ్ల భారతి గ్రూపుకు వాటా ఉంది. 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36, వన్‌వెబ్ శాటిలైట్లను మన శ్రీహరికోట షార్ నుంచే పైకి పంపారు. షార్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మొన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లాదే, దాన్నుంచి ఎగిరిన శాటిలైట్ల సేవ ఉదయగిరి కొండల కిందికి రాకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. కంపెనీ ఎవరిదన్నది రెండో ప్రశ్న. డబ్బు ఏ షరతు మీద ఇస్తున్నారన్నది మొదటి ప్రశ్న.

అమెరికాలో ఏం జరిగిందో మీ మరిదికి చెప్పండి. అక్కడా పల్లెల నెట్‌కు ఇలాంటి నిధి ఒకటి ఉంది. 2020 డిసెంబరులో జరిగిన వేలంలో స్టార్‌లింక్‌కు పదేళ్లలో ఇచ్చేలా సుమారు 88.5 కోట్ల డాలర్లు ఖాయమైనట్టే కనిపించింది. 2022 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థ దాన్ని తిరస్కరించింది. మాట ఇచ్చిన వేగాన్ని అంతమందికీ ఇవ్వగలరని కంపెనీ చూపించలేకపోయిందని, డిష్‌కే జనం 600 డాలర్లు పెట్టాల్సి వస్తోందని కారణాలు చెప్పింది. కంపెనీ ఒప్పుకోలేదు, అది వేరే కథ. అక్కడ వేగం ఎంతో ముందే షరతుగా రాసుకున్నారు కాబట్టే ఆ ప్రశ్న అడగగలిగారు. మన దగ్గర కూడా ఎన్ని డిష్‌లు బిగించారు అని లెక్కపెట్టి డబ్బు ఇస్తే డిష్‌లు మిగులుతాయి. నెలలో ఎన్ని గంటలు నెట్ నడిచింది, ఎంత వేగంతో నడిచింది అని చూసి ఇస్తే నెట్ మిగులుతుంది. ప్రజల డబ్బు శాటిలైట్‌కు పెట్టొచ్చా అని నన్నడిగితే, పెట్టొచ్చు, పెట్టాలి, ఈ ఒక్క షరతు మీద.

ఇక తీర్మానం. గ్రామసభలోనే పెట్టించండి, పంచాయతీ మీటింగులో ఐదుగురు సంతకం పెట్టినదానికంటే దాని బరువు ఎక్కువ. మీ పల్లె ఆడవాళ్లు, ముఖ్యంగా తిప్ప దాకా నడిచేవాళ్లు, వచ్చి మాట్లాడితే మంచిది. రాయాల్సింది సుమారు ఇలా ఉండొచ్చు:

"మా పంచాయతీలోని ఫలానా శివారు పల్లెలో ఇన్ని కుటుంబాలు, ఇంతమంది జనం ఉన్నారు. ఏ కంపెనీ మొబైల్ డేటా అక్కడ పనిచేయడం లేదు. అందువల్ల పింఛన్లు, అంగన్‌వాడీ సరుకులు, ఉపాధి పని హాజరు, రేషను ఆలస్యమవుతున్నాయి. సవరించిన భారత్‌నెట్ కింద పంచాయతీ కేంద్రం నుంచి ఈ పల్లెకు ఫైబర్ పొడిగించాలని కోరుతున్నాం. అలాగే 4జీ అందని గ్రామాల పథకంలో ఈ పల్లెను చేర్చాలని, కేబుల్ వచ్చేదాకా శాటిలైట్ లైనుతోనైనా టవర్ నడపాలని కోరుతున్నాం. ఈ రెండూ ఆలస్యమయ్యేట్టయితే డిజిటల్ భారత్ నిధి నుంచి అంగన్‌వాడీ లేదా బడిలో సోలార్‌తో సహా ఒక శాటిలైట్ కనెక్షన్ ఇచ్చి, కనీసం ఐదేళ్ల నెలవారీ చార్జీలు, మరమ్మతు కూడా ఆ నిధి నుంచే భరించాలని కోరుతున్నాం."

చివరి ముక్క, నెలవారీ చార్జీలు, మరమ్మతు, దాన్ని ఎవరు తీసేయమన్నా తీసేయొద్దు. మొత్తం తీర్మానానికి ప్రాణం అక్కడుంది.

ఒకవేళ బడిలోనో అంగన్‌వాడీలోనో కనెక్షన్ వస్తే అది గది తాళంతో పాటు మూతపడకుండా చూడాలి. 2020 డిసెంబరులో వచ్చిన పీఎం-వాణి పద్ధతిలో చిన్న కొట్టువాళ్లు కూడా లైసెన్సు లేకుండా వైఫై పెట్టి కొంచెం డబ్బుకు నెట్ అమ్ముకోవచ్చు. కేబుల్ వచ్చాక మీ ఊళ్లో కొట్టు నడిపే ఆమె ఎవరైనా ఇది పెట్టుకుంటే, సాయంత్రం పిల్లలు తిప్ప ఎక్కే పని తప్పుతుంది, ఆమెకూ నాలుగు రూపాయలు వస్తాయి. శాటిలైట్ కనెక్షన్‌తో మాత్రం ఆ కంపెనీ షరతులు చూడకుండా ఇలా చేయొద్దు, చాలా ప్లాన్లలో ఇంకొకరికి అమ్మడం కుదరదు.

ఇదంతా జరిగేదాకా నెలలు పడుతుంది, ఈలోపు బాలింతలు నడవడం ఆపాలి. అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు, ఆ పైన ఉండే ప్రాజెక్టు అధికారి సీడీపీవోకు మీరు వార్డు మెంబరుగా ఒక ఉత్తరం రాయండి, ఈ పల్లెలో సిగ్నల్ లేదు కాబట్టి ముఖం ఫోటో పడలేదన్న కారణంతో సరుకులు ఆపొద్దని. ఉపాధి పని హాజరు యాప్‌లో సిగ్నల్ లేని చోట ఫోటో తీసి తర్వాత సిగ్నల్ దొరికాక ఎక్కించే వీలుంది, మీ మేటుకు తెలుసో లేదో కనుక్కోండి. నెట్ లేకపోవడం ఆ తల్లి తప్పు కాదు, ఆ టీచరు తప్పు కూడా కాదు. ఈ మాట పైవాళ్లకు కాగితం మీద చెప్పే అధికారం ఊళ్లో మీకుంది.

తీర్మానం కాపీలు ఎంపీడీవోకు, నెల్లూరు బిఎస్‌ఎన్‌ఎల్‌కు, ఏపీ ఫైబర్‌నెట్‌కు, ఎంపీ ఆఫీసుకు ఇవ్వండి. ఎంపీ ఎందుకంటే, కేంద్ర పథకాలు జిల్లాలో ఎలా నడుస్తున్నాయో చూసే దిశ కమిటీకి అధ్యక్షులు ఎంపీలే, భారత్‌నెట్ కూడా అక్కడ చర్చకు వస్తుంది. ఒక కాపీ తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి నమోదు చేయించి రశీదు నంబరు తీసుకోండి. మీరు ఒక్కరే వద్దు, టీచరునూ మీ మరిదినీ తీసుకుపోండి, టవర్ గురించి ఆయనకున్న పట్టుదల అక్కడ బాగా పనికొస్తుంది.

ఇచ్చిన అర్జీకి "అక్కడ కవరేజీ ఉంది" అని జవాబు రావచ్చు, చాలాచోట్ల అదే వస్తుంది. కంపెనీలు ఎక్కడ సిగ్నల్ ఉందో చూపే మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది, ఆ మ్యాపులో మీ పల్లె రంగు పూసి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఊళ్లో నాలుగు చోట్ల, అంగన్‌వాడీ ముందు, బడి దగ్గర, ఎస్టీ కాలనీలో, బస్సు ఆగేచోట, మూడు కంపెనీల ఫోన్లు పక్కపక్కన పెట్టి సిగ్నల్ గీతలు, తేదీ, టైము కనపడేట్టు వీడియో తీయించండి. ఆ జవాబు కాగితం వచ్చిన మరుసటి సోమవారం ఈ రెండూ పట్టుకుని మళ్లీ కలెక్టరేట్‌కు వెళ్లండి.